పాత జీపులో నీరు పొంగుట: పరీక్ష ముందు, మరమ్మతు పిదప

మన సంఘ సభ్యులలో పలువురు ఇటీవల చేతులు మారిన ఫోర్‌వీల్ డ్రైవు జీపులను కొనుచున్నారు. కొండ గ్రామములనుండి అల్లము, పసుపు, కూరగాయలు సంతకు దింపుటకును, వానకాలమున బురద దారులలో ఎరువు బస్తాలు చేర్చుటకును ఇట్టి బండి ఎంత ఉపకారియో వేరుగ చెప్పనక్కరలేదు. కొత్త బండి వెల సామాన్య రైతునకు అందునది కాదు. కావున పాతదానిని కొనుటలో తప్పు లేదు. అయితే పాత ఎద్దును కొనువాడు పండ్లు చూచి, గిట్టలు చూచి, నాలుగడుగులు నడిపించి మరీ కొనును. పాత బండిని కొనువాడు మాత్రము రంగు చూచి, టైర్లు చూచి డబ్బు చెల్లించుచున్నాడు. నెల తిరుగకమునుపే ఘాటు రోడ్డులో బానెట్టు క్రిందినుండి ఆవిరి లేచును. కూలెంటు డబ్బా పొంగి రంగునీరు నేల పాలగును. షెడ్డునకు తోలుకొని పోగా, మూత తీయకయే “హెడ్డు గాస్కెట్టు పోయినది, ఇంజను విప్పవలెను” అను తీర్పు వెలువడును.

ఈ తీర్పు కొన్ని యెడల నిజము. పెక్కు యెడల నిజము కాదు. నిజమో కాదో తేల్చుటకు కావలసిన పరీక్షలు కష్టమైనవి కావు, ఖర్చైనవి అంతకంటె కావు. అయినను వానిని చేయువారు అరుదు. పరీక్షించకుండ ఇంజను విప్పించుట రైతునకు నష్టమనియు, ఈ విషయమున మన సంఘము చేయదగిన పని యొకటి కలదనియు నా అభిప్రాయము. ఆ అభిప్రాయము నాకు ఊరక కలిగినది కాదు. డబ్బు పోగొట్టుకొని నేర్చుకొన్నది.

2021వ సంవత్సరమున పాడేరు వైపు కొండచేలకు తిరుగుటకై నేనొక పాత డీసెలు జీపును కొంటిని. మొదటి వానలలోనే దాని కూలెంటు డబ్బా పొంగనారంభించెను. ప్రతి ఉదయము రేడియేటరు మూత తీసి చూచిన నీరు రెండు వ్రేళ్ల లోతునకు దిగియుండెడిది. నేను చెంబుతో నింపి బయలుదేరెడివాడను. ఘాటు ఎక్కినంతనే డబ్బా పొంగెడిది. ఒక షెడ్డులో చూపగా గాస్కెట్టనిరి. 40,000 రూపాయలు చెల్లించితిని. బండి మూడు వారములు షెడ్డులో నుండెను. నాట్లు వేయు ఆ దినములలో నేను కాలినడకను, అద్దె ఆటోలలోను తిరిగితిని. బండి ఇంటికి వచ్చిన నాలుగవ నాడు డబ్బా మరల పొంగెను.

మా వీధిలో లారీలు తోలి విశ్రమించిన పెద్దాయన యొకరు కలరు. ఆయన తెల్లవారుజామున చల్లని ఇంజను మూత తీసి లోన చూచెను, డబ్బా చూచెను, మూతను తిరగవేసి దాని రబ్బరును గోటితో గీచి చూచెను. “బాబూ, పోయిన నీరు తిరిగి రావడములేదు, అంతే” అనెను. మూత రబ్బరు ఎండి బిరుసెక్కినది. మూతనుండి డబ్బాకు పోవు సన్నని గొట్టము మొదట పగిలినది. కొత్త మూత, జానెడు గొట్టము, రెండు క్లిప్పులు కలిపి 500 రూపాయలు దాటలేదు. ఆనాటినుండి నేటివరకు ఆ డబ్బా పొంగలేదు. నిజము చెప్పవలెనన్న, దానిని పొంగించినది ఇంజను కాదు, నా చేతిలోని చెంబే. అది యెట్లో తెలియవలెనన్న ఈ యంత్రపు మర్మము కొంత తెలియవలెను.

నీరు వేడెక్కిన ఉబ్బును. 20 డిగ్రీల చల్లని నీరు 100 డిగ్రీలకు వచ్చునప్పటికి నూటికి సుమారు నాలుగు పాళ్లు పెరుగును. జీపులో పది లీటర్ల నీరున్నచో సుమారు 400 మిల్లీలీటర్లు అధికమగునన్నమాట. ఈ అధికపు నీరు పోవుటకై డబ్బా ఏర్పడినది. రేడియేటరు మూతలో రెండు తలుపులు కలవు. లోపలి ఒత్తిడి హద్దు మీరినప్పుడు మొదటి తలుపు తెరచుకొని నీటిని డబ్బాకు పంపును. ఇంజను చల్లారి లోపల వెలితి ఏర్పడినప్పుడు రెండవ తలుపు తెరచుకొని ఆ నీటినే వెనుకకు పీల్చుకొనును. మూత రబ్బరు చెడినను, గొట్టము పగిలినను, రేడియేటరు నీటికి బదులు గాలిని పీల్చును. అప్పుడు డబ్బా నిండుగను, రేడియేటరు వెలితిగను ఉండును. యజమాని రేడియేటరును మాత్రము చూచి నీరు పోయును. నాటి వేడికి ఆ నీరును డబ్బాకే చేరును. రెండు మూడు దినములకు డబ్బా పొంగక యేమి చేయును?

మూతకు మరియొక పని కలదు. దానిమీద 0.9 అనియో 1.1 అనియో అంకె చెక్కియుండును. చదరపు సెంటీమీటరునకు అన్ని కిలోల ఒత్తిడివరకు అది నీటిని బిగబట్టునని అర్థము. ఆ ఒత్తిడిలో నీరు 100 డిగ్రీలకు గాక సుమారు 120 డిగ్రీలకు మరుగును. మూత స్ప్రింగు వదులైనచో ఈ రక్షణ పోయినట్లే. పైగా సముద్రమట్టమునకు 900 మీటర్ల ఎత్తున నీరు 97 డిగ్రీలకే మరుగును. మైదానమున మంచిగ నడచిన బండి కొండపై పొంగుటకు ఇదియు నొక కారణము. ఇంత పని చేయు మూతను మన మొక మూతగానే చూచుచున్నాము.

వరి ఆకు పసుపు తిరిగినదనుకొనుడు. నత్రజని తక్కువై యుండవచ్చును, జింకు తక్కువై యుండవచ్చును, మురుగు నిలిచి వేరు ఊపిరాడక యుండవచ్చును. ముదురాకు పాలినదో లేతాకు పాలినదో చూడక, చేలో దిగి వేరు పెరికి చూడక యూరియా చల్లిన రైతును మనము తెలివిగలవాడని అనము. నీరు పొంగుటయు అట్టిదే. అది రోగము కాదు, రోగలక్షణము. కారణము తెలిసికొనుటకు మొదటి ప్రశ్న “ఏమి పోయినది?” అని కాదు, “ఎప్పుడు పొంగుచున్నది?” అని.

ఉదయము చల్లగ నున్నప్పుడు డబ్బా నిండుగ, రేడియేటరు వెలితిగ ఉన్నచో ముందు మూతను, సన్నని గొట్టమును అనుమానింపవలెను. చల్లారిన పిదప పైగొట్టము నొక్కుకొనిపోయినట్లు చప్పిడియైనచో మూతలోని రెండవ తలుపు పట్టివేసినదని గ్రహింపవలెను. డబ్బాను గీత మించి నింపుటవలననే పొంగుచున్నదేమో మొదటనే చూడవలెను. చల్లని స్థితిలో క్రింది గీతకును పై గీతకును నడుమ నీరుండిన చాలును. డబ్బాయే లేని మిక్కిలి పాత జీపులలో మెడదాక పోసిన నీటిలో కొంత నేలబడుట సహజమే. అది లోపము కాదు. కొన్ని బండ్లకు మూత రేడియేటరుపై గాక డబ్బామీదనే యుండును. అట్టి డబ్బాలో నీరుబ్బుటకు పైన చోటు విడువవలెను, అంచువరకు నింపరాదు.

ఘాటు ఎక్కునప్పుడు మాత్రమే పొంగి మైదానమున పొంగకున్నచో రేడియేటరు నీటిని చల్లార్చలేకున్నదని అర్థము. ముందు వెలుపల చూడుడు. ఫోర్‌వీల్ బండి బురదలో దిగునది. రేడియేటరు రెక్కల నడుమ బురదయు, ఊకయు, పురుగులును ఇరికి గాలిని ఆపును. ఇంజను వైపునుండి వెలుపలికి మెల్లని ధారతో కడుగవలెను. పెద్ద ఒత్తిడితో కొట్టిన రెక్కలు వంగిపోవును. పాత యజమాని ముందువైపు బిగించిన అదనపు దీపములును, ఇనుప కమ్మీలును గాలికి అడ్డమేమో చూడుడు. వెలుపల శుభ్రముగ నున్నచో లోన సున్నపు పొర కట్టినదని అనుమానింపవలెను.

బురదలో చిన్న గేరున మెల్లగ లాగునప్పుడో, సంతలో నిలిపి ఇంజను నడుపునప్పుడో పొంగుచు, రోడ్డుపై వేగముగ పోవునప్పుడు చల్లబడుచున్నచో దోషము గాలిది. ఫాను బెల్టు వదులై యుండవచ్చును. డీసెలు బండ్లలో ఫానును పట్టు జిగురునూనె కప్లింగు చెడి ఫాను చాలినంత వేగముగ తిరుగకుండవచ్చును. ఫాను చుట్టునుండు తొడుగును ఎవరో విప్పి పారవేసి యుండవచ్చును. ఆ తొడుగు అలంకారము కాదు. అది లేనిచో ఫాను రేడియేటరు గుండ గాలిని లాగక, వచ్చిన గాలినే తిప్పుచుండును.

ఎక్కుడు ముగించి వెంటనే ఇంజను ఆపినప్పుడు మాత్రమే కొంచెము పొంగిన, అది ఇనుములోని వేడి కదలని నీటికి ఎక్కుటవలన. ఆపుటకు ముందు రెండు మూడు నిమిషములు ఇంజనును మెల్లగ నడువనిచ్చిన చాలవరకు తగ్గును. తగ్గనిచో మూతను మార్చి చూడవలెను.

చల్లని ఇంజను నడిపిన రెండు మూడు నిమిషములలోనే, నీరింకను వెచ్చబడకమునుపే పైగొట్టము రాయివలె బిగిసినను, రాత్రి యంతయు చల్లారినను ఉదయమునకు ఆ బిగువు సడలకున్నను, అప్పుడు మాత్రము గాస్కెట్టును అనుమానింపవలెను. సిలిండరులో మండిన వాయువు నీటిలోనికి దూరుచున్నదని అర్థము. చల్లని ఇంజనుకు మూత తీసి, మెడవరకు నీరు నింపి, నడిపి చూడుడు. మొదట కొన్ని బుడగలు వచ్చి ఆగిన అది చిక్కుకొన్న గాలి. ఆగక వచ్చుచు, ఇంజను వేగము పెంచినకొలది బుడగలు పెరిగిన అది మండిన వాయువు. నీరు వేడెక్కకమునుపే ఈ పరీక్ష ముగించి మూత బిగింపవలెను. నూనెపుల్లపై మజ్జిగవంటి తెల్లని నురుగు, వదలని తెల్లపొగ, బయట ఎక్కడను తడి లేకయే తగ్గు నీరు — ఇవియు తోడు సాక్ష్యములు. కొత్తరకపు డీసెలు ఇంజనులలో పొగను చల్లార్చు ఈజీఆర్ కూలరు పగిలినను ఇట్టి లక్షణములే కానవచ్చును. దానిని చూడక హెడ్డు విప్పినవారు ఖర్చు పెట్టియు బాగుపడలేదు.

ఇచ్చట నొక హెచ్చరిక. వేడి ఇంజను మూత ఎన్నడును తీయరాదు. 110 డిగ్రీల నీరు ఒత్తిడి తొలగిన క్షణముననే భగ్గున మరిగి ముఖముపైకి ఎగయును. చేతికి గుడ్డ చుట్టుకొన్నంతమాత్రమున రక్షణ లేదు. పైగొట్టము చేతికి చల్లగ తగిలి మెత్తగ నొక్కుపడువరకు వేచియుండవలెను. సంతకు ఆలస్యమగుట చిన్న నష్టము. కన్ను పోవుట తీరని నష్టము.

మనలో పాతుకొన్న మూడు అలవాట్లను గూర్చి నిర్మొగమాటముగ చెప్పెదను. మొదటిది బోరునీరు పోయుట. మన బోరునీటిలోని సున్నము కుండకు పట్టినట్లే రేడియేటరు సన్నగొట్టములకును పట్టును. శుద్ధజలమును కూలెంటును సరిపాళ్లుగ కలిపి పోయుట మేలు. దారిలో ఆపదకు ఏ నీరైనను పోయవచ్చును గాని ఇంటికి వచ్చి మార్చవలెను. రెండవది, కారుట ఆగుటకు పసుపు పొడి పోయుట. లారీలవారు దూరపు దారిలో గతిలేక చేసిన ఉపాయమది. చిల్లును మూయు పసుపు మంచి గొట్టములను మాత్రము మూయక విడుచునా? మూడవది, వేడెక్కుచున్నదని థర్మోస్టాటును తీసివేయుట. అది లేనిచో కొన్ని ఇంజనులు ఎన్నడును తగినంత వేడెక్కక డీసెలు తినును. మరికొన్నిటిలో నీరు రేడియేటరు దారి విడిచి అడ్డదారిన తిరిగి ఇంకను వేడెక్కును. చెడినదానిని మార్చవలెను గాని తీసి పారవేయరాదు.

పశువులు గల ఇండ్లవారికి మరియొక మాట. కూలెంటులో సాధారణముగ నుండు ఎథిలీన్ గ్లైకాలు తియ్యగ నుండు విషము. కారిన నీటిని కుక్క నాకినను, దూడ త్రాగినను మూత్రపిండములు చెడి చచ్చును. దానిని కుడితి తొట్టి చెంతను, వాకిటను పారబోయరాదు. త్రాగునీటి సీసాలలో నిలువచేసి పిల్లలకు అందునట్లు ఉంచరాదు.

నేను గాస్కెట్టు పోవుట యబద్ధమని చెప్పుటలేదు. నా యెరుకలోని రైతొకరు నాకు విరుద్ధముగ నడిచిరి. ఆయన జీపులో బుడగలు స్పష్టముగ వచ్చుచుండగా, షెడ్డువారందరును మోసగాండ్రేయని తలచి, వెనుక సీటులో రెండు డబ్బాల నీరు పెట్టుకొని ఒక పంటకాలమంతయు పోయుచు తోలిరి. తుదకు అల్యూమినియము హెడ్డు వంగి పగిలినది. గాస్కెట్టు ఖర్చుతో పోవలసినది కొత్త హెడ్డు ఖర్చైనది. నేను నమ్మి చెడితిని, ఆయన నమ్మక చెడెను. ఇద్దరమును చేయనిది ఒక్కటే — పరీక్ష.

బండి కొనునప్పుడే కొంత జాగ్రత్త పడవచ్చును. తెల్లవారి చల్లని ఇంజనునే చూపుమని అడుగుడు. మీరు పోవునప్పటికే ఇంజను వెచ్చగ నున్నచో మరియొకనాడు వచ్చెదనని చెప్పి రండు. మీ యెదుటనే మూత తీయించి నీరు నిండుగ నున్నదా, తుప్పురంగు తిరిగినదా, పైన నూనె తేలుచున్నదా చూడుడు. అరగంట తోలి, వీలైన ఒక ఎక్కుడు ఎక్కించి, ఆపి, డబ్బాలోని మట్టము ఎంత పెరిగినదో చూడుడు. మరునాటి ఉదయము అది తిరిగి దిగినదో లేదో కూడ చూడగలిగిన మరీ మంచిది. అమ్మువాడు ఇందుకు ఒప్పుకొనకున్నచో ఆ మౌనమే మీకు జవాబు.

ఇక సంఘము చేయదగిన పని. రేడియేటరు మెడకు బిగించి చేతితో ఒత్తిడి ఎక్కించు పంపొకటి బజారులో దొరకును. చల్లని ఇంజనుకు దానిని తగిలించి మూతమీది అంకెవరకు ఒత్తిడి ఎక్కించి పది నిమిషములు చూచిన, ముల్లు నిలిచినచో కారుట లేదు. దిగినచో ఎక్కడనో కారుచున్నది. తడి వెలుపల కనబడిన గొట్టమో, పంపో, కనబడకున్న లోపల. అదే పంపుతో మూతను కూడ పరీక్షింపవచ్చును. నీటిపైని గాలిలో మండిన వాయువున్నదో లేదో తెలుపు నీలిద్రవపు సీసా మరియొకటి. ఆ వాయువు తగిలిన పెట్రోలు ఇంజనుకు నీలిద్రవము పసుపురంగు తిరుగును. డీసెలుకు మార్పు అంత స్పష్టముగ నుండదు, ఆకుపచ్చ మాత్రమే తిరుగవచ్చును. కావున డీసెలును రెండు మూడు మారులు పరీక్షింపవలెను. ఈ రెండింటిని సంఘము కొని, పిచికారీ యంత్రమువలె సభ్యులకు స్వల్పపు అద్దెకు ఈయవలెనని నా ప్రార్థన. ఇంజను మరమ్మతునకు సంఘమునుండి అప్పు కోరు సభ్యుడు ముందు ఈ పరీక్ష ఫలితమును అర్జీతో జతపరచవలెనను నియమము కూడ పెట్టిన మంచిది. భూసార పరీక్ష చూచి ఎరువు వాడుమని చెప్పు మనము ఇంజను విషయమున వేరు న్యాయము పాటించుట ఎందులకు?

“మెకానిక్కులు నొచ్చుకొందు”రని కొందరనవచ్చును. నేను వారిని దూషించుటలేదు. చిన్న షెడ్డులలో పెక్కుమంది నేర్పరులే. వారికిని పరీక్షసాధనము లేక ఊహపై ఆధారపడుచున్నారు. పరీక్ష జరిగినచో మంచి పనివాని మాటకు సాక్ష్యము దొరకును. ఊహపై విప్పువానికి మాత్రమే చిక్కు. “రైతునకు ఇంజనుతో నేమి పని?” అని మరికొందరనవచ్చును. ఎద్దు నెమరు వేయకున్న రైతు గుర్తించుచున్నాడు గదా! డబ్బాలో మట్టము దిగుటను గుర్తించుట అంతకంటె కష్టము కాదు.

కావున సభ్యులెల్లరు వారమునకొక ఉదయము, ఇంజను చల్లగ నున్నప్పుడు, మూత తీసి చూచుట అలవరచుకొందురు గాక. నీరు పొంగినప్పుడు ఎప్పుడు పొంగినదో, ఎక్కడ పొంగినదో, ఎంత పోసితిరో ఒక కాగితముపై వ్రాసియుంచుడు. ఆ కాగితము పట్టుకొని షెడ్డునకు పోయిన రైతునకు మూతతో తీరు పనికి ఇంజను విప్పుట ఎవరికిని సులభము కాదు. వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ పంపు కొనుగోలు విషయమును తీర్మానమునకు తెచ్చెదను. నావలె 40,000 రూపాయలు చెల్లించి నేర్చుకొనవలసిన అగత్యము మరియొక సభ్యునికి కలుగకుండుటకు మీరెల్లరు దానిని బలపరతురని నమ్ముచున్నాను.